పాఠకుల తీర్పు, గంగ ఒంటరితనం

నవలను చదువరి ఒంటరిగానే చదువుతాడు. చదివిన తరువాత మాత్రం ఒంటరిగా ఉండలేడు. ఇంటివారితోనో, మిత్రులతోనో ఆ పాత్రలను గూర్చి మాట్లాడి, ఒకరిని మెచ్చి, మరొకరిని నిందించి గాని తృప్తి పొందడు. ఈ సామాన్యమైన అలవాటే ఒక గొప్ప నవలకు కారణం కావడం అరుదు. జయకాంతన్ తమిళంలో రచించిన ‘సిల నేరంగళిల్ సిల మనితర్గళ్’ అటువంటి నవల. 1970లో వెలువడి, 1972లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఈ గ్రంథానికి మూలం ఒక చిన్న కథ. ఆ కథను గూర్చి పాఠకులు చేసిన వివాదం.

1966లో ‘ఆనంద వికటన్’ పత్రికలో ప్రచురితమైన ‘అగ్నిప్రవేశం’ ఆ కథ. వానలో బస్సుకోసం నిలుచున్న కళాశాల విద్యార్థినిని ఒక ధనికుడు కారెక్కించుకొని వెళ్లి చెరుస్తాడు. ఇంటికి వచ్చి జరిగినది చెప్పుకొన్న కూతురిని ఆ వితంతుమాత మొదట కొట్టినా, పిమ్మట తల మీద నీళ్లు కుమ్మరించి, ఆమె యందు ఏ మాలిన్యమూ లేదని ఓదారుస్తుంది. కథ ఇంతే. కాని ఆ నీళ్లను అంగీకరించని పాఠకులు అనేకులు. ఒక తల్లి క్షమ నీతికే ముప్పు తెస్తుందని వారు భయపడ్డారు.

జయకాంతన్ ఆ పాఠకులతో వాదానికి దిగలేదు. వారు కోరిన తీర్పునే తీసికొని, అది అమలు జరిగితే ఏమవుతుందో చూపించాడు. నవలలో తల్లి కనకం నీళ్లు పోయదు, గోల చేస్తుంది. ఇరుగుపొరుగు వింటారు. అన్న గంగను ఇంటినుండి వెళ్లగొడతాడు. మేనమామ చదువు చెప్పించి, అందుకు ప్రతిఫలంగా ఆమెపై లోలోపల కన్నువేసి ఉంటాడు. పన్నెండేండ్లు గడుస్తాయి. గంగ మంచి ఉద్యోగం చేస్తూ తల్లితో కాపురముంటుంది. ఏండ్ల లెక్కన ఆమెది ఇంకా యౌవనమే. కాని లోకం ఆమె వయస్సును ఏనాడో ముగించివేసింది. స్త్రీకి నడివయస్సు కాలం వల్లనే కాదు, ఇతరుల మాట వల్ల కూడా రాగలదని ఈ నవల స్పష్టం చేస్తుంది.

ఇందలి అపూర్వమైన కల్పన మరొకటి ఉన్నది. ‘అగ్నిప్రవేశం’ కథ నవలలోనే అచ్చయి, గంగ కంట పడుతుంది. తన బ్రతుకు మరొక విధంగా సాగి ఉండవచ్చునని ఆమెకు తెలియడం ఆ అచ్చుకాగితం మూలాననే. పత్రికా పాఠకులకు వివాద వస్తువైన ముగింపు, గంగకు అందకుండా పోయిన జీవితం. నీతిని గూర్చి వాదించుకొన్న వారందరి నడుమ, ఆ కథతో నిజంగా అవసరమున్న పాఠకురాలిని రచయిత ఇక్కడ నిలబెట్టాడు.

ఆ కథే ఆధారంగా గంగ తనను చెరచిన ప్రభును వెదకి పట్టుకొంటుంది. అతడిప్పుడు నడివయస్సువాడు, ఎదిగిన కూతురికి తండ్రి, ధనముండి కూడ ఇంట గౌరవం లేనివాడు. చేసిన పాపం బరువు అతనికి ఆలస్యంగా తెలుస్తుంది. వీరిద్దరి మధ్య పెరిగే చెలిమిలో దేహసంబంధం లేదు. అయినను గంగ తాను అతని ఉంపుడుగత్తెనని చెప్పుకొంటుంది. ఇది విపరీతంగా తోచవచ్చు. భార్యకు ఒక పేరు, ఉంపుడుగత్తెకు ఒక పేరు ఉన్నవి. ఒంటరియైన స్త్రీ ఒక పురుషునితో కూర్చుండి మాటలాడుకొనడానికి లోకం పేరు పెట్టలేదు. ఉన్న పేర్లలో ఒక చెడ్డపేరును ఎరిగి ఎరిగి ధరించి, దాని చాటున గంగ తన స్నేహాన్ని దాచుకొంటుంది.

ముగింపు విషయంలో ఒక ఆక్షేపణకు తావున్నది. గంగకు మరొకరితో పెండ్లి కావాలన్న సదుద్దేశంతో ప్రభు తొలగిపోతాడు. ఆమె మద్యానికి లోబడుతుంది. పాఠకుల కాఠిన్యాన్ని నిరసించిన రచయిత తానే గంగను శిక్షించాడా? ఆ పతనం కొంత తొందరగా జరిగిపోయిందన్నది నిజం. కాని దానికి హేతువు దుర్బుద్ధి కాదు, ఆమె మేలును ఆమెను అడుగక నిర్ణయించిన మంచితనం. అన్న కోపంతో చేసినదే ప్రభు ప్రేమతో చేశాడు. ఇద్దరును ఆమె మాట వినలేదు. ఈ పోలిక వల్ల ముగింపు శిక్షగా గాక నిందారోపణగా నిలుస్తున్నది.

కొన్ని వేళలలో కొందరు మనుష్యులు అని ఈ నవల పేరుకు అర్థం. ఒక వేళలోని మనిషిని బట్టి ఆ మనిషి జీవితమంతటినీ కొలువరాదన్న వివేకం ఆ పేరులోనే ఉన్నది. ఈ నవలను చదివి నలుగురూ కలిసి మాట్లాడుకొనునప్పుడు గంగ చేసినది తప్పా ఒప్పా అన్న ప్రశ్న మరల తలయెత్తక మానదు. ఆ ప్రశ్నకు తొందరపడి చెప్పిన బదులే ఆమెను ఒంటరిని చేసినదని గుర్తుంచుకొన్నవారికి ఈ గ్రంథం పూర్తిగా అందినట్లు.