తూర్పు గాలి తిరిగితే

ఆత్మకూరులో మా మిద్దె మీద వాన కొలిచే గొట్టం ఒకటి పెట్టుకున్నాను. రోజూ పొద్దున 8.30కి చూసి పుస్తకంలో రాస్తాను. ఎండాకాలమంతా పేజీల నిండా సున్నాలే. మా నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే చిత్త కార్తె వచ్చిందంటే ఉదయగిరి మెట్ట రైతు మబ్బు కంటే ముందు గాలిని చూస్తాడు. అక్కడి మిత్రుడొకాయన దండెం మీది తడి తువ్వాలు ఎటు ఎగురుతుందో చూసి ఫోన్ చేస్తాడు: "గాలి తూర్పుకి తిరిగిందబ్బయా, గొట్టం కడిగి పెట్టుకో."

ఆ తువ్వాలును తాకి చూడండి, చల్లగా ఉంటుంది. ఆరిపోయే నీరు గుడ్డలోని వేడిని వెంట తీసుకుపోతుంది. బంగాళాఖాతం మీదా ఇదే పని. గాలి వీచేకొద్దీ సముద్రం ఆవిరినీ, ఆవిరిలో దాచి తన వేడినీ ఇస్తుంది. ఆవిరి పైకెళ్లి మబ్బు కట్టినప్పుడు ఆ వేడి బయటపడుతుంది. దాంతో గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఖాళీ అయిన చోటికి మరింత తేమగాలి వచ్చి చేరుతుంది. వాయుగుండానికి బలం అలా వస్తుంది. పైగా గంగా, బ్రహ్మపుత్రా, మన గోదావరీ తెచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ, అడుగునున్న చల్లటి నీటిని పైకి రానివ్వదు. అందుకే మన సముద్రం పైపొర అంత వెచ్చన.

ఒకరోజు లెక్క వేశాను. ఎకరం మీద 1 మి.మీ. వాన అంటే 4 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. అంత నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడిని కరెంటు లెక్కలో చెబితే దాదాపు 2,700 యూనిట్లు. 5 హెచ్‌పీ మోటారు నెల రోజులు రాత్రింబవళ్లు ఆగకుండా ఆడినట్టు. బోర్ల మీద బతికే మా మెట్టకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి 1 మి.మీ. అని రాసేటప్పుడు కూడా నా చేయి నెమ్మదిస్తుంది.

2021 నవంబరు పేజీలు ఇప్పటికీ తిప్పి చూస్తుంటాను. ఆ 19న వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ నీళ్లన్నీ పెన్నలో కలిసి సోమశిల మీదుగా మా దిగువ పల్లెల్ని ముంచాయి. సముద్రం ఎప్పుడో దాచిన ఎండ అంతా రెండు రోజుల్లో మా మీద కురిసింది.

నిన్న సాయంత్రం ఉదయగిరి నుంచి ఫోన్ వచ్చింది. తువ్వాలు పడమటికి, వెలిగొండల వైపు ఎగురుతోందట. గొట్టం కడిగి పెట్టాను.