కేకలు మోగే చోటే లాభం

రాయగడ, కోరాపుట్ వైపు జాతర జరిగితే ఓ మూల గుడ్డ పరిచి ఝండీ ముండా ఆడిస్తుంటారు. జెండా, తల, ఆఠీను, ఇస్పేటు, డైమను, కళావరు: గుడ్డ మీద ఆరు బొమ్మలు, పాచికకూ అవే ఆరు ముఖాలు. కోస్తా సంక్రాంతి బరుల్లో నడిచే గుండాట దీనికి చుట్టమే. 1955 నాటి ఒడిశా జూద నిరోధక చట్టం వద్దన్నా ఆట ఆగలేదు. ఆ గుడ్డ చూసినప్పుడల్లా నా మనసు పందెం కాసేవాళ్ల మీద కన్నా ఆట ఆడించేవాడి లెక్క మీదికే పోతుంది.

మూడు పాచికలతో ఆడుతున్నారనుకుందాం. ఎన్ని పాచికల మీద మన బొమ్మ పడితే పందేనికి అన్నింతలు. ఆరు బొమ్మల మీదా తలా ఒక రూపాయి ఉంది. మూడూ వేరువేరుగా పడితే మూడు వచ్చి మూడు పోతాయి, ఆడించేవాడికి ఏమీ మిగలదు. ఒకే బొమ్మ రెండుసార్లు పడితే మూడిచ్చి నాలుగు తీసుకుంటాడు. మూడుసార్లూ అదే పడితే మూడిచ్చి ఐదు తీసుకుంటాడు. జనం ఈలలేసి కేకలు పెట్టే ఆ క్షణంలోనే అతనికి లాభం! మోసమేమీ చేయకుండానే వందకు దాదాపు ఎనిమిది రూపాయలు అతని దగ్గర ఆగిపోతాయి.

డబ్బు వేసి ఆడే స్లాట్ యంత్రం పుట్టింది కూడా ఈ బొమ్మల్లో కొన్నిటితోనే. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే చేసిన లిబర్టీ బెల్‌లో ఇస్పేటు, ఆఠీను, డైమను, గుర్రపు నాడా, గంట ఉండేవి. అప్పట్లో ఆ బొమ్మలున్న చక్రమే ఫలితం తేల్చేది. 1984లో ఇంగే టెల్నేస్ పేటెంటుతో ఆ పని కంప్యూటర్ చేతికి వెళ్లింది. అది ఒక సంఖ్యను ఎంచుతుంది, చక్రం ఆ ఫలితాన్ని చూపిస్తుందంతే. పెద్ద బహుమతికి ఒక్క సంఖ్య, ఖాళీ గడికి బోలెడు సంఖ్యలు కేటాయించవచ్చు. "అయ్యో, కొద్దిలో తప్పింది" అనిపించేలా అమర్చడమూ తేలికే. ఇప్పటి స్లాట్ ఆటల తయారీలో వందకు ఎంత తిరిగి ఇవ్వాలో ముందే నిర్ణయిస్తారు, బొమ్మలూ సంగీతమూ దానికి తొడిగే వేషం. పది కాస్తే నాలుగు వచ్చినా గంటలు మోగుతాయి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. మంచిదే. కానీ గుడ్డ ఆటను ఆపలేని చట్టం ఒక్కటే ఫోను ఆటనూ ఆపుతుందని నేను నమ్మను. బడిలో సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు ఈ మూడు పాచికల 216 ఫలితాలనూ పిల్లల చేతనే రాయించండి. ఎవరు గెలుస్తారో ముందే రాసిపెట్టి ఉందని తమ చేత్తో తేల్చుకున్న పిల్లల్ని ఆటలోకి లాగడం ఎవరికైనా కష్టమే.