ముందు బేరింగు, ఆపైనే మోటారు

జపాన్ కంపెనీ తమియా 1987లో తెచ్చిన మిడ్‌నైట్ పంప్‌కిన్ లాంటి, రిమోట్‌తో నడిచే బొమ్మ ట్రక్కు చేతికి రాగానే కొత్తవాళ్ల చూపు మోటారు మీదే పడుతుంది. చేయి తిరిగినవాళ్లు ముందు చక్రాన్ని వేలితో తిప్పి చూస్తారు. ప్లాస్టిక్ బుష్‌లో ఇరుసు ఒరుసుకుని చక్రం ఇట్టే ఆగిపోతుంది. బాల్ బేరింగు వేస్తే హాయిగా తిరుగుతూనే ఉంటుంది. అంటే కొత్త శక్తి కొనకముందే, వృథా అవుతున్న శక్తిని వెనక్కి రాబట్టారన్నమాట. బండిని మెరుగుపరిచే ఈ విద్య గొప్పతనమంతా ఆ వరసలోనే ఉంది. తర్వాతి వంతు కుదుపులను అణచే షాకులది (షాక్ అబ్జార్బర్లది). కిట్‌లోని వాటికి స్ప్రింగే తప్ప ఆయిల్ ఉండదు, అందుకే గుంట దాటాక కూడా బండి ఎగురుతూనే ఉంటుంది. కొత్త షాకులో సిలికాన్ ఆయిల్ పోసి, పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ, చివరి బుడగ తేలేదాకా ఆగాలి. ఎంత ముచ్చటైన ఓపిక!

భాగాలన్నీ అల్యూమినియంవి వేస్తే బండి గట్టిగా ఉంటుంది కదా అంటారు కొందరు. కానీ దెబ్బ తగిలితే చక్రాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ఆర్మ్ కాస్త వంగి మళ్లీ నిలబడుతుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే, పైగా దెబ్బను ఛాసిస్‌కు చేరవేస్తుంది. ఈ ఖర్చుతో ఖరీదైన ట్రక్కే కొనొచ్చన్న మాటా కొట్టిపారేయలేనిదే. అయితే ఏ భాగం ఎందుకుందో విప్పి బిగించినవాళ్లకే తెలుస్తుంది. 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీ తీసి రెండు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టేటప్పుడు, సెల్ 3 వోల్టుల కిందికి పడకుండా ఆపే కటాఫ్ ఉందో లేదో ముందే చూసుకునేది వాళ్లే.