ముప్పై ఎనిమిదో దోమ

వానలు పడ్డాక భూపాలపల్లి అడవి పల్లెల్లో, మానుకోట జిల్లా గూడేల్లో సలిజరం వచ్చిన ఇంటికి ఆశా కార్యకర్త గాజు పలకలు పట్టుకుని వెళ్తుంది. రోగి ఎడమచేతి ఉంగరపు వేలికి స్పిరిట్ దూది రాసి, ఆరనిచ్చి, సూదితో గుచ్చుతుంది. మొదటి చుక్క తుడిచేస్తుంది. తర్వాతి మూడు నాలుగు చుక్కలను స్లైడు మీద దగ్గర దగ్గరగా దింపి, ఇంకో స్లైడు మూలతో కలిపి గుండ్రంగా తిప్పుతుంది. అది మందపు పూత. పక్కనే ఇంకో చుక్క పెట్టి, రెండో స్లైడు అంచును ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపున ముందుకు తోస్తుంది. నాలుక ఆకారంలో పలుచటి పూత పరుచుకుంటుంది. మందపు పూతలో నెత్తురు ఎక్కువ కాబట్టి మలేరియా పురుగు ఉందో లేదో త్వరగా తేలుతుంది. పలుచటి పూతలో కణాలు విడివిడిగా పడతాయి కాబట్టి అది ఏ జాతిదో తెలుస్తుంది. ఒకే గాజు ముక్క మీద రెండు ప్రశ్నలకు రెండు జవాబులు.

ఇంత పొందికైన పనిని చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది బేగంపేటలోని ఒక పాత భవనం, అందులో చెమటలు కక్కుతూ సూక్ష్మదర్శిని మీదికి వంగి కూర్చున్న ఒక సైనిక వైద్యుడు. రొనాల్డ్ రాస్.

ఆయన 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. కుర్రవాడికి బొమ్మలు గీయడం, కవిత్వం, గణితం ఇష్టం. తండ్రికి మాత్రం కొడుకు వైద్యుడు కావాలని. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు, బర్మా, అండమాన్ తిరిగాడు. 1883లో బెంగళూరులో ఆయన బంగళాలో దోమలు విపరీతం. కిటికీ బయట నీళ్ల తొట్టి ఒకటి ఉంది, దాని నిండా లార్వాలు. తొట్టి బోర్లించగానే దోమలు తగ్గాయి. మలేరియా సంగతి అప్పటికి ఆయన తలపులోనే లేదు. పెద్దపెద్ద సిద్ధాంతాలకన్నా ఈ తొట్టి బోర్లించడమే ఆయన జీవితంలో అసలు మొదటి పాఠమని నేననుకుంటాను.

మలేరియా పురుగును నెత్తురులో 1880లోనే అల్జీరియాలో లావెరాన్ చూశాడు. ఆయనా సైనిక వైద్యుడే. 1894లో లండన్‌లో వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఆ పురుగును రాస్‌కు చూపించి, దీని మిగతా బతుకు దోమలో సాగుతుండవచ్చని చెప్పాడు. కానీ ఏ దోమ, దోమలో ఎక్కడ, ఎన్నాళ్లకు, ఏ రూపంలో? దేనికీ ఆనవాలు లేదు. 1895లో సికింద్రాబాద్ కంటోన్మెంటుకు వచ్చిన రాస్ ఇళ్లలో దొరికే బూడిదరంగు దోమలను, చారల దోమలను కోసి చూస్తూ పోయాడు. ఏమీ కనబడలేదు. అవి మనిషి మలేరియాను మోయని జాతులు. మధ్యలో బెంగళూరుకు పంపి కలరా, పారిశుద్ధ్యం పనులు అప్పగించారు. ఊటీ కొండల దిగువన తానే మలేరియా పడ్డాడు.

1897 ఆగస్టులో ఆయన పరిశోధన నడిచిన తీరు నిదానంగా చూడదగ్గది. దోమను గాలిలోంచి పట్టుకుంటే అది అంతకుముందు ఎవరిని కుట్టిందో తెలియదు. అందుకని నీళ్లలోంచి లార్వాలు తెప్పించి, సీసాల్లో పెంచి, రెక్కలొచ్చేదాకా ఆగాడు. అంటే ఏ నెత్తురూ ముట్టని దోమ. దాన్ని, నెత్తురులో పురుగు ఉందని ముందే తేలిన మనిషి దోమతెరలోకి వదిలాడు. ఆ రోగి పేరు హుసేన్ ఖాన్; కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా కూలి. నెత్తురు తాగిన దోమలను విడివిడిగా గాజు గొట్టాల్లో పెట్టి, తేదీ వేసి, రోజుకు కొన్ని చొప్పున కోశాడు. అప్పుడు ప్రతి కోతా ఒక వయసు చెబుతుంది: ఇది ఒకరోజుది, ఇది నాలుగు రోజులది. ఈ ఏర్పాటే అసలు తెలివి. సూక్ష్మదర్శిని చూపించేది దీని తర్వాతే.

ఇక కోత. దోమను చంపి, రెక్కలూ కాళ్లూ తీసి, ఉప్పునీటి చుక్కలో పడుకోబెట్టాలి. ఒక సూదితో రొమ్ము నొక్కిపట్టి, రెండో సూదితో తోక దగ్గర చిన్న గాటు పెట్టి మెల్లగా లాగాలి. పేగు, దానికి వేలాడే సన్నటి నాళాలు, జీర్ణకోశం ఒక్కటిగా జారి రావాలి. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కేవాళ్లను చూసినవారికి ఈ చెయ్యి తెలుసు. గట్టిగా కొడితే రేకు చిరుగుతుంది, మెత్తగా కొడితే బొమ్మ లేవదు. బియ్యపు గింజలో సగం కూడా లేని ఆ సంచిని చిరగకుండా తీసి, పైన పలుచటి గాజు కప్పి, గోడలోని కణాలను ఒక్కొక్కటే చూస్తూ పోవాలి. ఒక్క దోమకు గంటలు పడుతుంది. రాస్ పంఖా విసరనీయలేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయి. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి గీత పడింది.

ఆగస్టు నడుమ సహాయకులు తెచ్చిన లార్వాల్లోంచి కొత్తరకం దోమలు వచ్చాయి: గోధుమరంగు ఒళ్లు, రెక్కల మీద మచ్చలు. ఇప్పుడు వాటిని ఎనాఫిలిస్ అంటున్నాం. 16న అవి హుసేన్ ఖాన్ నెత్తురు తాగాయి. 20న మధ్యాహ్నం రాస్ తన లెక్కలో ముప్పై ఎనిమిదో దోమను కోశాడు. జీర్ణకోశం గోడలో, మామూలు కణాల నడుమ, గీసినట్టు గుండ్రటి కణం ఒకటి. అడ్డంగా దాదాపు పన్నెండు మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో ఆరోవంతు. లోపల నల్లటి రేణువులు. ఆయనను ఆపింది ఆ రేణువులే. మలేరియా పురుగు మన నెత్తురులోని ఎరుపును తిని మిగిల్చే మడ్డి అది. దోమ సొంత కణాల్లో అది ఉండదు. మర్నాడు ముప్పై తొమ్మిదో దోమ. అవే కణాలు, ఒకరోజు వయసు ఎక్కువ, పరిమాణంలోనూ పెద్దవి. పెరుగుతోంది అంటే బతికుంది. తేదీలు వేసిన గొట్టాలు లేకపోతే ఆ ఒక్క మాట అనగలిగేవాడు కాడు.

వెంటనే ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. అక్కడ ఆ పని సాగలేదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా తీసుకుని, పురుగు జీర్ణకోశం గోడ నుంచి బయటపడి దోమ లాలాజల గ్రంథుల్లో చేరే దారంతా చూపించాడు. మనిషి మలేరియా చక్రాన్ని ఎనాఫిలిస్‌లో పూర్తిగా చూపినవారు అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు. 1902 నోబెల్ రాస్‌కు వచ్చింది. ఘనత ఎవరిదన్న విషయంలో రాస్, గ్రాసీల మధ్య తగవు చివరిదాకా తీరలేదు. గ్రాసీకి రావలసిన గౌరవం రావాలి.

సైన్యం కొలువు వదిలి లివర్‌పూల్ చేరాక రాస్ తొట్టి పాఠాన్నే ఊళ్లకు విస్తరించాడు. సియెర్రా లియోన్, ఇస్మాయిలియా, మారిషస్: ఎక్కడికి వెళ్లినా నిలవనీటి మీదే కన్ను. చిన్ననాటి గణితమూ అక్కరకొచ్చింది. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగితే చాలు, మలేరియా దానంతటదే ఆరిపోతుందని సమీకరణాలతో చూపించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో మళ్లీ సైనిక దుస్తులు వేసుకుని మలేరియా సలహాదారుగా పనిచేశాడు. 1932లో కన్నుమూశాడు. హైదరాబాద్ నల్లకుంటలో జనం కోరంటి దవాఖాన అని పిలుచుకునే జ్వరాల ఆసుపత్రికి ఆయన పేరే ఉంది.

మన పల్లెల్లో శుక్రవారం డ్రై డే పేరుతో తొట్లు, కూలర్లు, కుండలు బోర్లించమని చెప్పేదీ ఆ తొట్టి పాఠమే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోస్తే ఏ లార్వాకూ రెక్కలు రావు.

ఆశా కార్యకర్త పలుచటి పూత మీద పెన్సిల్‌తో నంబరు రాసి స్లైడు పీహెచ్‌సీకి చేరుస్తుంది. అక్కడ లెఫ్టినెంట్ కర్నల్ జస్వంత్ సింగ్, భట్టాచార్జీ 1944లో తయారుచేసిన జేఎస్‌బీ రంగుల్లో దాన్ని ముంచి, కడిగి, ఆరబెడతారు. ల్యాబ్ టెక్నీషియన్ చుక్క నూనె వేసి, కటకాన్ని దించి, మందపు పూతను ఒక అంచు నుంచి వరసగా జరుపుతూ చూస్తాడు. ఏమీ కనబడకపోయినా ఆపకూడదు. కనీసం వంద చోట్లు చూశాకే రిజిస్టరులో ఆ నంబరుకు ఎదురుగా 'లేదు' అని రాయాలి.