ఖాళీ బిళ్ల చెప్పే సాక్ష్యం

హిందూపురం చుట్టుపక్కల మెట్టచేల గట్ల మీదా, పెనుకొండ కొండవాలునా, ధర్మవరం దారి పక్కనా తంగేడు ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. వేప, వావిలి సంగతీ అంతే. దగ్గొస్తే అడ్డసరం కషాయం, బాలింత స్నానానికి వావిలాకు నీళ్లు ఈ ఇళ్లకు కొత్త కాదు. ఆ ఆకుల్లో ఏముందో తేల్చాలంటే మాత్రం చాలా ఓపిక కావాలి.

మొదట మొక్క ఏదో రూఢి కావాలి. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. పుల్లయ్య ఈ ప్రాంతపు మొక్కలను ఏళ్ల తరబడి గుర్తించి గ్రంథస్థం చేశారు. ఆ పునాది లేకపోతే తర్వాతి పరీక్షలన్నీ దండగే.

ఆకును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి వడగడతారు. తంగేడు సారంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు పడగానే టానిన్లు నల్లగా బయటపడతాయి. తోళ్లు పదును చేయడానికి దీని బెరడు వాడింది ఆ టానిన్ల కోసమే. అడ్డసరం సారానికి మేయర్ రియేజెంట్ తగిలితే మీగడ రంగు మడ్డి పేరుకుంటుంది. అది ఆల్కలాయిడ్ల జాడ. ఆ ఆకులోని వాసిసిన్ అనే ఆల్కలాయిడే దగ్గుమందు బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం.

ఇక సూక్ష్మజీవుల వంతు. అగార్ పళ్లెంలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాను పరిచి, సారం పట్టించిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలను ఉంచి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా వదిలేస్తారు. పొద్దున బిళ్ల చుట్టూ ఆ జీవి పెరగని తేట వలయం కనిపిస్తే సంబరమే. అయితే పక్కనే ఉత్త మిథనాల్ పట్టించి ఆరబెట్టిన బిళ్ల కూడా ఉండాలి, దాని చుట్టూ వలయం రాకూడదు. అసలు పనితనం ఆ బిళ్లను మరవకపోవడంలోనే ఉంది. వలయం పెద్దదైనంత మాత్రాన మందు బలమైనదని కాదు. అగార్‌లో త్వరగా పాకే పదార్థం వలయాన్ని పెంచేస్తుంది. బలం తేలాలంటే ఎంత తక్కువ మోతాదుకు పెరుగుదల ఆగుతుందో కొలవాలి. అదే సారం ఈ.కోలై దగ్గర చతికిలపడటమూ మామూలే, ఆ జీవికి అదనంగా బయటి పొర ఉంది మరి.

ఏ ద్రవంలో సారం తీశారన్నది చిన్న విషయం కాదు. చైనా శాస్త్రవేత్త తు యూయూ 1971లో మాచిపత్రి జాతి మొక్క నుంచి తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో సారం తీశాకే మలేరియాపై దాని గుణం స్పష్టంగా తేలింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. మన ఇళ్లలో తాగేది మాత్రం నీళ్లలో మరిగించిన కషాయం. అందుకే మిథనాల్ పళ్లెం పక్కన కషాయం పళ్లెమూ పెట్టాలి. అందులోని బిళ్ల చుట్టూ వలయం రాకపోతే ఆ సున్నానూ పట్టికలో అచ్చు వేయాలి.