దీవిలో కాపురం ఉండేవాళ్ళు

థాయ్‌లాండ్ గురించి ఏ ట్రావెల్ గైడ్ తిరగేసినా విభాగాలు ఇంచుమించు అవే. బయట తిరిగే సరదాలు, సంస్కృతి, రాత్రి జీవితం, షాపింగ్. స్నార్కెలింగ్, ఏనుగు సవారీ మొదటిదాంట్లో వస్తాయి. బౌద్ధాలయాలు రెండోదాంట్లో, బార్లు మూడోదాంట్లో, బ్యాంకాక్ చతుచక్ వారాంతపు సంత నాలుగోదాంట్లో. ఆ సంతకి ఎలా వెళ్ళాలో రాసుంటుంది గానీ, అక్కడ కొట్టు పెట్టుకున్నావిడ మన గురించి ఏమనుకుంటుందో ఉండదు. అది గైడ్ పని కాదు కాబట్టి తప్పు పట్టలేం. సాహిత్యానికి మాత్రం ఆ మినహాయింపు అంత తేలిగ్గా ఇవ్వలేం. ఈ లెక్కతోనే రెండు పుస్తకాల్ని పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి బ్రిటిష్ రచయిత అలెక్స్ గార్లండ్ నవల ‘ది బీచ్’ (1996). రెండోది రత్తావుత్ లాప్చరోన్‌సాప్ కథల సంపుటి ‘సైట్‌సీయింగ్’ (2005). ఈయన షికాగోలో పుట్టి బ్యాంకాక్‌లో పెరిగాడు. రెండూ ఇంగ్లీషులో రాసినవే.

‘ది బీచ్’ కథ చాలామందికి సినిమా ద్వారా తెలిసే ఉంటుంది. రిచర్డ్ అనే ఇంగ్లీషు కుర్రాడు బ్యాంకాక్ ఖావోసాన్ రోడ్డులో ఒక చవక గెస్ట్‌హౌస్‌లో దిగుతాడు. పక్క గదిలో ఉన్న మనిషి ఇతనికి ఒక పటం వదిలిపెట్టి ఆత్మహత్య చేసుకుంటాడు. పటంలో ఉన్నది టూరిస్టులకి తెలియని ఒక దీవి. ఒక ఫ్రెంచి జంటతో కలిసి, కొంతదూరం ఈదుకుంటూ, రిచర్డ్ అక్కడికి చేరతాడు. అప్పటికే అక్కడ కొందరు విదేశీయులు చేపలు పట్టుకుంటూ, తోట వేసుకుంటూ రహస్యంగా బతుకుతుంటారు. దీవిలో ఇంకో పక్క గంజాయి తోటలు, తుపాకులతో కాపలా. ఈ చోటు గురించి ఎవరికీ చెప్పకూడదన్నది అందరూ ఒప్పుకున్న నియమం. రిచర్డ్ అక్కడికి రాకముందే ఆ పటానికి ఒక నకలు గీసి ఇద్దరు అమెరికన్లకి ఇచ్చేశాడు.

నవల మహా వేగంగా చదివిస్తుంది. చిన్న చిన్న అధ్యాయాలు, వీడియో గేములు, వియత్నాం యుద్ధం సినిమాలు తలకెక్కిన కథకుడు. గార్లండ్ అమాయకుడేం కాదు. టూరిస్టు వేరు, ట్రావెలర్ వేరు అని చెప్పుకునే గొప్పని నవలంతా గిల్లుతూనే ఉంటాడు. మిగతా టూరిస్టుల నుంచి పారిపోయి వచ్చిన వీళ్ళు కట్టుకున్నది కూడా ఒక రిసార్టే. కాకపోతే బిల్లు రాదు. స్వర్గాన్ని కాపాడుకోవడం కోసం తోటివాడి బాధని పట్టించుకోకుండా వదిలేసే ఘట్టం ఇవాళ చదివినా ఒళ్ళు జలదరిస్తుంది.

నా పేచీ వేరేచోట ఉంది. థాయ్‌లాండ్‌లో జరిగే ఈ నవల్లో, పుస్తకం మూశాక మనసులో మిగిలే థాయ్ మనిషి ఒక్కరూ లేరు. గెస్ట్‌హౌస్‌లో పనిచేసేవాళ్ళు, పోలీసులు, పడవవాళ్ళు, కాపలావాళ్ళు. వడ్డించడానికో భయపెట్టడానికో వస్తారు, పోతారు. కథకుడికి కనిపించనిది కథలో ఎలా వస్తుందని అడగొచ్చు. కానీ రిచర్డ్ చెప్పే అబద్ధాలు మనకి తెలుస్తూనే ఉంటాయి కదా. దీవి పెద్ద సాల్ నియంతగా మారుతోందని అతనికన్నా ముందే మనం పసిగడతాం. కథకుడు దాచినవి పాఠకుడికి చూపించడం గార్లండ్‌కి బాగా తెలుసు. ఆ నేర్పు థాయ్ మనుషుల దగ్గరకి వచ్చేసరికి ఆగిపోతుంది. కాపలావాడి చేతిలో తుపాకీ కనిపిస్తుంది గానీ, అతనిది ఏ ఊరో ఆ దీవికి ఎలా చేరాడో ఊహించుకోవడానికి ఒక్క సందు కూడా దొరకదు.

నవల వదిలేసిన చోట వాస్తవం అందుకుంది. డానీ బాయిల్ తీసిన సినిమా 2000లో వచ్చింది. షూటింగ్ ఫీఫీ లే దీవిలోని మాయా బేలో జరిగింది. చూడ్డానికి ఇంకా ‘స్వర్గం’లా ఉండాలని ఇసుకతిన్నెల్ని చదును చేసి, కొబ్బరిచెట్లు తెచ్చి నాటారు. స్థానికులు అభ్యంతరపెట్టారు, వ్యవహారం కోర్టుకెక్కింది, ఏళ్ళ తరబడి నడిచింది. సినిమా చూసిన జనం మాత్రం వస్తూనే ఉన్నారు. రోజుకి ఐదువేల మంది దాకా వచ్చిన రోజులున్నాయి. పగడపు దిబ్బలు దెబ్బతినడంతో 2018 జూన్‌లో తీరాన్ని మూసేశారు. మళ్ళీ తెరిచింది 2022 జనవరిలో. ఇప్పుడు పడవలు దీవి వెనకవైపు లో సమా బేలో ఆగాలి, అక్కణ్ణుంచి నడిచి రావాలి, ఈత కుదరదు. నవల్లో రిచర్డ్ గీసిన నకలు పటమే పెద్ద ద్రోహం అనుకుంటాం. సినిమా కూడా అలాంటి నకలే అయింది, ఈసారి ప్రపంచమంతటికీ పంచారు.

‘సైట్‌సీయింగ్’లో ఏడు కథలున్నాయి. మొదటి కథ పేరు ‘ఫరంగ్స్’. ఈ మాట మనకి కొత్త కాదు, మన ‘పరంగి’కి తోబుట్టువు. మన దగ్గర కొన్నిచోట్ల బొప్పాయిని పరంగికాయ అన్నట్టే, థాయ్ భాషలో జామకాయని కూడా ఫరంగ్ అనే అంటారు. కథలో ఒక దీవి, దాంట్లో ఒక మోటెల్. నడిపేది కథకుడి తల్లి. తండ్రి ఎప్పుడో వెళ్ళిపోయిన అమెరికన్ సైనికుడు. కుర్రాడు క్లింట్ ఈస్ట్‌వుడ్ అనే పందిని పెంచుకుంటూ, సీజన్ సీజన్‌కీ ఎవరో ఒక అమెరికన్ అమ్మాయి మీద మనసు పారేసుకుంటుంటాడు. ఈసారి అమ్మాయిని మామయ్య ఏనుగు మీద ఎక్కించి తిప్పుతాడు. గైడులో ‘ఏనుగు సవారీ’ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయేది ఇక్కడ మామయ్య జీవనాధారం, మేనల్లుడి ప్రేమ, తల్లి చిరాకు, అన్నీ. చివర్లో కోపం వస్తే వీళ్ళు ఫరంగుల మీదకి విసరగలిగినవి మామిడికాయలే.

‘ఎట్ ద కెఫే లవ్లీ’లో రాత్రి జీవితం ఉంది. పదకొండేళ్ళ పిల్లాడు అన్న వెంటపడి ఆ చోటుకి వెళ్తాడు. తండ్రి పోయాడు, తల్లి దుఃఖంలో కూరుకుపోయింది. అన్నకి అదొక సరదా, తమ్ముడికి తను చూడకూడని గది. టూరిస్టు ఒక్కడూ అవసరం లేకుండా రచయిత కథ నడిపాడు. పుస్తకానికి పేరిచ్చిన కథ అన్నిటికన్నా గట్టిది. కంటిచూపు పోతున్న తల్లి, చదువుకోసం దూరం వెళ్ళబోతున్న కొడుకు కలిసి దక్షిణాదికి రైలెక్కుతారు. అందమైన దీవి అని ఆమె విన్నచోటుని చూపు ఉండగానే చూడాలని. ఆ దేశం వాళ్ళే ఆ దేశంలో యాత్రికులు కావడం, ‘చూడటం’ అన్న మాటకి వేరే బరువు రావడం ఆ కథలో జరిగాయి.

ఈ పుస్తకానికీ లోపం లేకపోలేదు. ‘ఫరంగ్స్’లో కొన్నిచోట్ల కుర్రాడు అమెరికన్ పాఠకుడికి అర్థమయ్యేలా అన్నీ విప్పి చెప్తున్నట్టుంటుంది. కథ కూడా కాస్త గైడుగా మారి, లోపలి మనిషి చేత టూర్ చేయిస్తుంది. అయితే రచయితకి ఆ ఇబ్బంది తెలుసనే అనిపించింది. వచ్చినవాళ్ళకి నచ్చేలా తన ఊరిని చూపించడమే ఆ కుర్రాడి కష్టం మరి.

ఆ కష్టం నాకు తెలియనిది కాదు. హైదరాబాదు ఆఫీసుకి విదేశాల నుంచి క్లయింటు వస్తే మేం చూపించేది కూడా నాలుగు విభాగాలే. గోల్కొండ, బిర్యానీ, లాడ్ బజార్ గాజులు, ముత్యాలు. వాళ్ళు మెచ్చుకుంటే లోపల చిన్న గర్వం, మర్నాడు మీటింగులో వాళ్ళు మన పేర్లు తప్పు పలికినా నవ్వేసే అలవాటు. అదే మేం నాలుగు రోజుల ప్యాకేజీలో క్రాబీ వెళ్తే గదిలో వేడినీళ్ళు రాలేదని గొంతు పెంచుతాం. థాయ్ వాళ్ళు మనల్ని ఫరంగులనరు. మనకి వాళ్ళు వాడే మాట ‘ఖేక్’. అర్థం అతిథి అనే. అయితే పలికే గొంతుని బట్టి అందులో చిన్నచూపు కూడా ఉంటుంది. ఆ మాటకి ఆ రెండో అర్థం ఎలా వచ్చిందో ఆలోచిస్తే మనకే మంచిది.

తెలుగులో యాత్రా రచనకి తక్కువేం లేదు. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర దగ్గర్నుంచి వెళ్ళినవాళ్ళు రాస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళని చూసినవాళ్ళ కథలు, అరకులోనో పాపికొండల పడవ మీదో పనిచేసే మనిషి వైపు నుంచి చెప్పినవి, నాకు కనబడినంతలో అరుదు. థాయ్‌లాండ్ టికెట్ తీసుకున్నవాళ్ళకి ‘ది బీచ్’ విమానంలో అయిపోతుంది. ‘సైట్‌సీయింగ్’ మాత్రం వెళ్ళేముందే, ఇంట్లో నెమ్మదిగా చదవండి. హోటల్లో పక్క సర్దే ఆవిడ పేరు అడగాలనిపిస్తుంది.