చూరు కింది కిటికీ, సిలికాన్ పూసిన కిటికీ

కోనసీమలో మా అమ్మమ్మగారి పెంకుటింటి మీదా, విశాఖలో నేనుంటున్న నాలుగో అంతస్తు ఫ్లాటు మీదా కురిసేది ఒకే వాన. కిటికీల దగ్గర ఆ రెండిళ్లూ దాన్ని కాచుకునే తీరు మాత్రం వేరు.

పెంకుటింట్లో కిటికీ దాకా వాన రావడమే అరుదు. గోడ దాటి బాగా ముందుకొచ్చిన చూరు, దాని కింద అరుగు. ఈదరజల్లు కొట్టినా తడిసేది అరుగే. గచ్చుకి వీధివైపు వాటం ఉండేది కాబట్టి నీళ్లు నిలిచేవి కావు. ఎత్తు గడప మిగతాది చూసుకునేది. లోపాలూ ఉన్నాయి. ముసురు పడితే టేకు తలుపు ఉబ్బి బిగుసుకుపోయేది. ద్వారబంధం కాళ్లు చెమ్మ పీల్చి పుచ్చిపోయేవి. అయినా తడిసినదానికి ఆరే వీలుండేది.

ఫ్లాటులో యూపీవీసీ స్లైడింగ్ కిటికీ. ఎలివేషన్ అందం కోసం సన్‌షేడ్‌ని ఎనిమిదంగుళాలకే ఆపేశారు. గోడకీ ఫ్రేముకీ మధ్య సందులో సిలికాన్. వానని ఆపే భారమంతా ఆ సన్నటి గీత మీద పడింది. ఎండకి గోడ సాగేది తక్కువ, యూపీవీసీ సాగేది ఎక్కువ. ఆ లాగుడుకి కొన్నేళ్లలో సిలికాన్ ఒక అంచు వదిలేస్తుంది. వెంట్రుకవాసి చీలిక చాలు, గోడలోకి నీరు దిగడానికి.

అలాగని కొత్త కిటికీని నేను తక్కువ చేయను. దాని కింది ట్రాకుకి బయటివైపు చిన్న బెజ్జాలుంటాయి, వీప్ హోల్స్ అంటారు. ట్రాకులో చేరిన నీరు వాటిగుండా వెళ్లిపోతుంది. నీరు ఎలాగూ వస్తుంది, దారి చూపి పంపించాలన్న ఆ ఆలోచన అరుగుకి వాటం పెట్టిన పాత మేస్త్రిదే. మా ఇంట్లో బిగించినవాళ్లు ఆ బెజ్జాల మీద కూడా సిలికాన్ పూసేశారు! ట్రాకు నిండి నీరు లోపలికి పొర్లింది, కిటికీ కింద గోడ పెచ్చులూడింది. బ్లేడుతో గీకి తెరిచాక నీరు సన్నటి ధారగా బయటికి పోవడం కళ్లారా చూశాను.

గాలి సంగతి ఇంకా గట్టిది. గంటకు 60 కిలోమీటర్ల గాలి కిటికీ మీద వేసే ఒత్తిడి దాదాపు 17 మిల్లీమీటర్ల ఎత్తు నీటిని నిలబెడుతుంది. ట్రాకు లోపలి అంచు అంతకన్నా ఎత్తుంటే ఫరవాలేదు. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తుపాను తాకినప్పటిలా గాలి 180 ప్రాంతానికి చేరితే ఆ లెక్క 15 సెంటీమీటర్లవుతుంది. అంత ఎత్తు ట్రాకు మామూలు స్లైడింగ్ కిటికీకి ఉండదు. సముద్రం ఎదురుగా ఉన్న గోడకి రబ్బరు గాస్కెట్టుతో బిగుసుకునే రెక్కల కిటికీయే మేలంటాను. అమ్మమ్మగారింటివీ రెక్కల కిటికీలే, గాస్కెట్టు మాత్రం లేదు. పైగా తుపానుకి పెంకులే లేచిపోయేవి.

బెజ్జాలు తెరిచినా నీరు ఆగక మొన్న మేస్త్రిని పిలిస్తే, కిటికీ గట్టు మీద గ్లాసుడు నీళ్లు ఒంపి చూపించాడు. గదిలోకి వచ్చాయి. "వాటం లోపలికుందండి. సిలికాన్ ఎంత పూసినా ఇంతే," అన్నాడు. గ్రానైటు పలక పెకలించి, కింద వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, బయటికి వాటం ఇచ్చి మళ్లీ పరిచాడు. పలక అంచుని గోడ దాటి అంగుళం ముందుకు తెచ్చి, అడుగున సన్నటి గాడి కోయించాడు. అంచున జారిన చుక్క వెనక్కి పాకకుండా ఆ గాడి దగ్గరే రాలిపోతుంది. సన్‌షేడ్‌ని మాత్రం ఏమీ చేయలేకపోయాడు. రెండడుగులు కావాలంటే అది స్లాబుతోపాటే పోయాల్సింది.